రెండు కార్లు, ఒక ఎడమ మోకాలు

మా తమ్ముడికి ఒక జబ్బుంది. బజారులోకి ఏదైనా కొత్తది వచ్చిందంటే, అప్పటిదాకా మన ఇంట్లో ఉన్నది ఆ క్షణాన్నే పాడైపోయిందంటాడు. ఫోన్ల విషయంలో ఓర్చుకున్నాను. మిక్సీ విషయంలో ఓర్చుకున్నాను. నా కారు జోలికి వచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది.

నేను ఫిజికల్ సైన్సు టీచర్ని. ఇల్లు అరకులో, బడి ముంచింగిపుట్టు వైపు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ దారంతా సర్వీసు జీపుల్లో పడి వెళ్ళేదాన్ని. లోపల మనుషులు, పైన మనుషులు, వెనక వేలాడుతూ మనుషులు, నా ఒళ్ళో ఎవరిదో కోడి. "కూసింత సర్దుకో టీచరమ్మా" అన్న మాట ఎన్నేళ్ళు విన్నానో! అందుకే నా జీతంతో నేను కారు కొనుక్కున్న రోజున, ఇక ఈ జన్మలో ఎవరికోసమూ సర్దుకోనని ఒట్టు పెట్టుకున్నాను. కొన్నది కూడా అలాంటిలాంటి కారు కాదు.

చూడ్డానికి చిన్నదే. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పెడితే మూత పడదు. కానీ దాని ముక్కు కింద టర్బో ఇంజనుంది. ఆ కంపెనీ వాళ్ళు ఆ చిన్న కారుని రకరకాలుగా చేసి అమ్మారు గానీ, వేగం కోసమే అని చేసినవి మూడే మూడు. మొదటిది నాది. రెండోది మా తమ్ముడు కొన్నాడు. అందులో ఉన్నది నా ఇంజనే, కాస్త ఎక్కువ బలం తీశారంతే. దానికి గట్టి స్ప్రింగులు, బొంగురు గొంతు సైలెన్సరు, చుట్టూ ఎర్రగీత తగిలించారు. మా గతుకుల్లో ఆ స్ప్రింగుల మీద ఒకసారి కూర్చున్నవాళ్ళు రెండోసారి కూర్చునేవాళ్ళు కాదు. ఏడాది తిరక్కుండా దాన్ని వదిలించుకుని మూడోది తెచ్చాడు. దీనికి క్లచ్ పెడలే లేదు. లోపల రెండు క్లచ్‌లట, గేర్లు అవే మారతాయట, మనకి ఓపికుంటే స్టీరింగు వెనక ఉన్న రెక్కలు నొక్కుకోవచ్చట. వెనక చక్రాలకి కూడా డిస్కు బ్రేకులు. బలం నాదానికన్నా బాగా ఎక్కువ. కాగితం మీద చూస్తే నాది దాని ముందు నిలబడదు.

కాగితం మీద! నాకు చిర్రెత్తుకొచ్చేది అక్కడే. మా వాడు డొంకరాయి పవర్‌హౌస్‌లో పనిచేస్తాడు. సెలవు దొరికినప్పుడల్లా అరకు వచ్చి, మా ఇంటి ముందు ఆ కొత్త కారు ఆపి, ఫోను తీసి వీడియోలు చూపిస్తాడు. వాటిలో ఎవరో నల్లకళ్ళద్దాల కుర్రాళ్ళు నున్నటి రోడ్డు మీద, చీమ కూడా అడ్డు రాని చోట, సున్నా నుంచి వంద అందుకుని చప్పట్లు కొట్టుకుంటారు. మా ఎక్కుడులో, అంటే కొండెక్కే ఘాట్ దారిలో, వందేమిటి నా మొహం, యాభై దాటితే అవతలి మలుపులో మేకలుంటాయి. మా దగ్గర వేగం అంటే ఎంత బేగి అందుకున్నామని కాదు. మలుపులో ఎంత పోగొట్టుకున్నాం, పోగొట్టుకున్నదాన్ని మలుపు దాటాక ఎంత తొందరగా తిరిగి రాబట్టుకున్నాం అని. ఈ లెక్క నేను పదో తరగతి పిల్లలకి బోర్డు మీద చెప్పగలను, వాడికి మాత్రం చెప్పలేకపోయాను.

నా కారు విషయానికొస్తే, అది కింది గేర్లలో మొదట బద్ధకంగా మూలుగుతుంది. ఇంజను కాస్త వేడెక్కి చక్కగా తిరగడం మొదలుపెట్టాక, ముందు సన్నగా ఒక ఈల, వెంటనే వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఒక తోపు. ఆ ఈల ఎక్కడ మొదలవుతుందో, ఏ మలుపులో రెండో గేరు వెయ్యాలో, ఏ మలుపుని మూడో గేరులోనే మోసం చేసి దాటెయ్యాలో నా కాళ్ళకి, చేతులకి తెలుసు. ఆ దారిలో ఊళ్ళన్నీ దాన్ని ఈలబండి అంటాయి. మా కొండల్లో మనుషులు బండిని కంటితో చూసి పోల్చరు, చెవితో పోలుస్తారు. కింద ఎక్కడో మోత వినపడగానే ఇది బస్సు, ఇది ఫలానావాళ్ళ జీపు, ఇది టీచరమ్మ ఈలబండి అని చెప్పేసి, మూటలు సర్దుకుని మలుపులోకి వచ్చి నిలబడతారు. చెయ్యెత్తిన మనిషిని ఖాళీ కారుతో దాటిపోవడం మా వైపు లేదు. అలా దాటిపోయిన మాస్టారి గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు, ఆయన బదిలీ అయి ఏ కాలమో అయింది. సర్దుకోనని ఒట్టు పెట్టుకున్నది నేనా? నా కారులో చింతపండు బుట్టలు, అడ్డాకుల కట్టలు, పసుపు మూటలు, పిల్లల తల్లులు. నేను స్టీరింగు పట్టుకోవడానికి వాళ్ళు నాకు కాస్త చోటిచ్చేవాళ్ళు.

అందరికన్నా ఎక్కువసార్లు ఎక్కింది ఒక ముసలమ్మ. కొండచీపుర్లు కట్టి సంతలో అమ్ముతుంది. ఎక్కుడు మొదట్లో ఉన్న పనసచెట్టు దగ్గర ఆమె ఊరు. ఆమెతో నాకు ఒకటే పేచీ, రాయి. మా ఎక్కుళ్ళలో ఏ బండి ఆగినా ముందు దిగిన మనిషి చేసే పని ఒకటే. అటూ ఇటూ చూసి తలకాయంత రాయి ఒకటి తెచ్చి వెనక చక్రం కింద పెడతారు. బండి కదిలాక ఆ రాయిని ఒడ్డుకి దొర్లించి, పరుగున వచ్చి ఎక్కుతారు. బ్రేకులు పని చెయ్యని జీపుల కాలం నాటి అలవాటు. ఈ ముసలమ్మ నా కారుకి కూడా అదే మర్యాద చేసేది. మేకలు అడ్డమొచ్చి రెండు నిమిషాలు ఆగినా సరే, తలుపు తీసుకుని దిగిపోవడం, రాయి పెట్టడం.

"నా బండికి రాయేమిటమ్మా? హ్యాండ్‌బ్రేకుంది, కనపడ్డం లేదా?" అని అరిచేదాన్ని.

"ఉంటే ఉన్నాది. రాయెడితే నీకేటి నొప్పి?" అనేది.

నాకు నొప్పే. టర్బో బండికి, అదీ నేను నడిపే బండికి, రాయి! నా పరువు పోయినట్టుండేది.

ఇలా రోజులు వెళ్ళిపోతుంటే నా ఎడమ మోకాలు మొరాయించింది. మొదట మెట్లు దిగేటప్పుడు కలుక్కుమనేది. తరవాత బోర్డు ముందు నిలబడితే లాగేది. చివరికి క్లచ్ తొక్కి పట్టుకుంటే కాలు నాది కానట్టు మధ్యలో బిగుసుకుపోవడం మొదలైంది. విశాఖపట్నంలో డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి చూసి, "రోజూ కారేనా మేడమ్? గేర్లదా? క్లచ్ తొక్కడం మానెయ్యండి" అన్నాడు. అంత తేలిగ్గా. టీలో పంచదార మానెయ్యమన్నట్టు.

నా పక్కన కూర్చున్న మా ఆయన మొహంలో వెలుగు నేను చూడలేదనుకున్నాడు. ఆయనకి కాఫీ తోట, మిరియాల పాదులు, ఆదివారం గుడి, ఇంతే లోకం. డ్రైవింగ్ రాదు, నేర్చుకోడు. నా పక్కన కూర్చుంటే ప్రతి మలుపులోనూ "ప్రభువా" అంటాడు. నా డ్రైవింగ్ మీద ఆయనకి నమ్మకం లేదు, దేవుడి మీదే ఉంది. ఇంటికి రాగానే మా తమ్ముడికి ఫోను చేశాడు. ఇద్దరూ కలిసి తేల్చేశారు. ఈలబండిని షోరూములో ఇచ్చేసి, మూడో రకం, తమ్ముడిదానిలాంటిదే, నాకు తెచ్చెయ్యాలని. నన్ను అడగాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

నేను ఊరుకుంటానా? ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

"ఏటక్కా, నీ మంచికే కదా" అన్నాడు తమ్ముడు. "పైగా మా బండి నీదానికన్నా ఫాస్ట్. నీకు స్పీడే కదా కావాల?"

"ఎవడు చెప్పాడు ఫాస్టని? ఆ నల్లకళ్ళద్దాల వాడా?"

"సరే, సూసుకుందామా?"

"చూసుకుందాం. ఎక్కుడు మీద. రెండూ నేనే నడుపుతాను. పోటీ బండికీ బండికీ గానీ నీకూ నాకూ కాదు. నాది గెలిస్తే నా బండి నాతోనే ఉంటుంది, మోకాలి సంగతి నేను చూసుకుంటాను. నీది గెలిస్తే నోరు మూసుకుని నాది ఇచ్చేస్తాను."

మా ఆయన "ప్రభువా" అన్నాడు. కారు ఇంకా ఎక్కనేలేదు.

రెండో శనివారం బడికి సెలవు. పొద్దున్నే బయలుదేరాం. నేను ఈలబండిలో, వాళ్ళిద్దరూ కొత్తదానిలో. ఆ రోజు సంత అని నాకు తెలుసు. పెందరాళే వెళ్తే జనం రోడ్డు మీదకి రాకముందే ముగించెయ్యొచ్చని నా లెక్క. మంచు విడిచేదాకా ఆగమని మా ఆయన, టీ తాగాలని మా తమ్ముడు, దారిలో బొంగులో చికెన్ బోర్డు దగ్గర అడ్డదిడ్డంగా కార్లు ఆపి ఫోటోలు దిగుతున్న టూరిస్టులు. అందరూ కలిసి నా లెక్కని చెడగొట్టారు. పనసచెట్టు దగ్గరికి చేరేసరికి ఎండ రానే వచ్చింది.

ముందు కొత్తది. ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కి పక్కసీటులో పడేశాను. ఏం చెప్పమంటారు? పాపిష్టిది, బాగుంది. కాలు ఆనించగానే కదిలింది. మూలగడం లేదు, ఈల లేదు, బతిమాలడం లేదు. ఎడమ కాలు ఏం చెయ్యాలో తెలీక అలవాటుగా రెండుసార్లు లేచి, అక్కడ పెడల్ లేకపోయేసరికి నేలని తన్నింది. మలుపుల్లో బండి నేలకి అతుక్కుపోయింది. గెడ్డ మలుపు అని ఒకటుంది, గెడ్డ అంటే కొండవాగు, దాని నీళ్ళు రోడ్డు మీదుగా పారి ఎప్పుడూ తడిగా ఉంటుంది, ఎక్కుడు మొత్తానికి నిలువైన చోటు అదే. అక్కడ మాత్రం గేరు దించాలా వద్దా అని అదొక్క క్షణం ఆలోచించుకుంది. "దొరికావే!" అని పైకే అన్నాను. నా బండిలో అయితే ఆ ఆలోచన నేను మలుపుకి ముందే చేసి పెట్టుకుంటాను. కానీ ఆ తరవాత అది లాగిన లాగుడికి, పోయిందంతా తిరిగొచ్చేసింది. పైకి చేరి వాచ్ ఆపి చూసుకుంటే, ఈలబండితో నేను ఎప్పుడూ అంత తక్కువలో రాలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అప్పటికే మలుపుల్లో సంతకి వెళ్ళేవాళ్ళు ఒకరిద్దరు నిలబడి ఉన్నారు. ఒక్కరూ చెయ్యెత్తలేదు. తల కూడా తిప్పలేదు. నేను పరుగు మీద ఉన్నాను కాబట్టి, మంచిదే అయిందనుకున్నాను.

తిరిగి కిందికొచ్చి తాళం తమ్ముడి చేతిలో పెట్టాను. "ఎలాగున్నాది?" అన్నాడు. "గెడ్డ మలుపులో ఆలోచిస్తోంది" అన్నాను. వాడు నవ్వి, బావని ఎక్కించుకుని, పైన నిలబడతామని వెళ్ళిపోయాడు. నేను ఈలబండిలో కూర్చున్నాను. సీటు నా ఒంటి ఆకారానికి లొంగి ఉంది. "ఈ ఒక్కసారి పరువు నిలబెట్టు" అని దాని డాష్‌బోర్డు మీద తట్టాను. మోకాలు అప్పటికే నిప్పులా ఉంది. వాచ్ నొక్కి క్లచ్ వదిలాను.

ఈల మొదలైంది. అదే నా కొంప ముంచింది. మొదటి మలుపు తిరిగేసరికి ముసలమ్మ, చీపురు కట్టలు, చెయ్యెత్తి.

ఆగకూడదనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నా బండి బతుకు తేలే రోజు, ఇవాళ ఒక్కరోజు ఆగకపోతే కొంపలేం మునిగిపోవు. కళ్ళు ముందుకే పెట్టుకున్నాను. కుడికాలు నా మాట వినలేదు, బ్రేకు మీద పడింది. ముసలమ్మ వెనకాల ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కడినుంచి ఊడిపడ్డారో, పనసకాయలతో సహా ఎక్కి కూర్చున్నారు. చీపుర్లు వెనక పట్టక, పొడుగ్గా ముందుకి తోసి, రెండు సీట్ల మధ్య పడుకోబెట్టారు.

"బేగి ఎక్కండమ్మా, బేగి! ఇవాళ నాకు తొందరుంది!"

"ఎప్పుడు నేదు నీకు తొందర? పోనీ, పోనీ" అంది ముసలమ్మ.

పోనిచ్చాను. ముగ్గురు మనుషులు, పనసకాయలు, చీపుర్లు. అయినా ఈలబండి లాగింది చూడండి! రెండో గేరులో మలుపు తిరిగి, మూడోకి మారి, ఈల వేస్తూ దూకింది. ఖాళీగా ఉంటే కొత్తదాన్ని కొట్టేసి ఉండేది, ఇప్పటికీ అదే అంటాను. వెనకాల ఆడవాళ్ళు ప్రతి మలుపులో "ఓలమ్మో" అని అరుస్తూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది. గెడ్డ మలుపు ముందే రెండో గేరు వేసి సిద్ధంగా ఉన్నాను. మలుపు తిరిగేసరికి ఎదురుగా గొడ్లు, రోడ్డు నిండా, తీరుబడిగా నీళ్ళు తాగుతూ.

తొక్కి ఆపాను. కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు క్లచ్ మీద. గొడ్లు కదలవు. హారను కొట్టాను, ఒక ఆవు నావైపు చూసి మళ్ళీ తాగింది. క్లచ్ తొక్కిపట్టి ఉన్న కాలు వణకడం మొదలైంది. దారి దొరగ్గానే మొదటి గేరులో క్లచ్ వదలబోయాను. మోకాలు బిగుసుకుపోయింది. పైకి రాదు, కిందికి పోదు. పాదం ఒక్కసారిగా జారింది, బండి ఎగిరిపడి ఆగిపోయింది. ఆ నొప్పికి కుడికాలు కూడా బ్రేకు మీంచి లేచింది. బండి వెనక్కి నడవడం మొదలెట్టింది. హ్యాండ్‌బ్రేకు కోసం చెయ్యి వేస్తే చీపుర్లు. కట్టలు కట్టలు చీపుర్లు, వాటి కింద ఎక్కడో బ్రేకు. ఎలాగో కుడికాలు మళ్ళీ పెడల్ మీద పెట్టి నా బరువంతా వేసి తొక్కాను. వెనక లోయ ఉందని నాకు తెలుసు, అద్దంలో చూడలేదు.

తలుపు తెరుచుకున్న చప్పుడైంది. వెనక ఏదో కంకర నలిగింది. తరవాత కిటికీ దగ్గర ముసలమ్మ మొహం.

"రాయెట్టినాను. ఒగ్గీ కాలు."

"వద్దు, జారిపోతుంది..."

"జారదు. ఒగ్గీమంటన్నాను కదా! ఏటి సేత్తన్నావు, కాలు ఇరగ్గొట్టుకుంటావేటి?"

మెల్లగా వదిలాను. బండి ఒక్క అంగుళం వెనక్కి వెళ్ళి రాయికి ఆనుకుని ఆగింది. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. భయం వేసి కాదు. నా బండిలో, నా ఎక్కుడులో, నా కాలు నన్ను వదిలేసింది, అందుకు. ముసలమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి నా మోకాలు పిసుకుతూ కూర్చుంది, కాదు, నిలబడే పిసికింది. మిగతా ఇద్దరూ చీపుర్లు, పనసకాయలు దించుకున్నారు. పైకి వెళ్తున్న జీపువాడితో కబురు పంపారు.

తమ్ముడు కంగారుగా పరుగెత్తుకుంటూ దిగొచ్చాడు. నన్ను పక్కసీటులోకి జరిపి, వాడే ఈలబండిని పైకి నడిపాడు. నా కారులో ఆ సీటులో కూర్చోవడం నాకదే మొదటిసారి. గెలిచానని వాడు ఒక్క మాటైనా అంటే చెంప పగలగొడదామని చూశాను. అనలేదు. పళ్ళు బిగించి జాగ్రత్తగా గేర్లు మారుస్తున్నాడు. అది ఇంకా మంటగా ఉంది. కాళ్ళ దగ్గర పడిపోయిన ఫోనులో వాచ్ ఇంకా పరుగెడుతూనే ఉంది, తీసి ఆపేశాను. ఎంతైందో చూడలేదు.

మాట మాటే. నా బండి ఇచ్చేశాను. ఆ రోజు జరిగింది న్యాయమైన పోటీ కాదని, దాని మీద ముగ్గురు మనుషుల్ని, రెండు పనసకాయల్ని ఎక్కించారని ఎవరికి చెప్పుకోను? షోరూము కుర్రాడు లోపలికి తొంగిచూసి "మేడమ్, ఈ పుల్లలేంటి సీటంతా?" అన్నాడు. నోరెత్తితే ఏమంటానో అని మా ఆయన నన్ను బయటికి లాక్కొచ్చేశాడు.

కొత్తదానితో నాకేం లోటు లేదు. మోకాలు తగ్గింది. బడికి అందరికన్నా ముందు చేరుతున్నాను. గేటు తాళం తీసేవాడు కూడా రాకముందే చేరి, ఏసీ వేసుకుని, అద్దాలెత్తుకుని, కారులో ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. ఆ మూడు రకాల్లోనూ ఇదే వేగమైనది, ఒప్పుకున్నాను, ఇక ఆ పేచీ లేదు. కానీ దారిలో ఒక్క చెయ్యి లేవదు. మలుపుల్లో మనుషులుంటారు, మూటలుంటాయి. నా కారు వాళ్ళ పక్కనుంచి ఏ టూరిస్టు బండో పోయినట్టు పోతుంది. ఎన్నో ఏళ్ళు కోరుకున్న ఖాళీ కారు దొరికింది కదా, ఏడవక ఏం చెయ్యాలి? సంత రోజున కావాలని నెమ్మదిగా నడిపేదాన్ని. ఇంకా నెమ్మదిగా పోతే వెనక జీపువాడు హారను కొట్టేవాడు. ముసలమ్మ ఒక్కరోజైనా కనపడలేదు. మనిషి ఉందో లేదో అని లోపల గుబులుగా ఉండేది. ఎవరినైనా అడగడానికీ భయమే.

ఒక సంత రోజు ముసురు పట్టింది. బడికి వెళ్తూ పనసచెట్టు దగ్గరికొచ్చేసరికి, చెట్టు వెనక, తలమీద గోనె కప్పుకుని, ఆమే. చీపుర్లు తడవకుండా మీదికి వంగి కూర్చుంది. ప్రాణం లేచొచ్చింది. పక్కన ఆపి హారను కొట్టాను. లేవలేదు. మళ్ళీ కొట్టాను. అటునుంచే చెయ్యి ఊపింది, పో పో అన్నట్టు.

"ఎల్లిపో బాబూ, ఎల్లిపో. మా టీచరమ్మ బండి వత్తాది."

అద్దం దించాను. "ఎన్నాళ్ళనుంచి కూర్చున్నావమ్మా ఇక్కడ?" అన్నాను.

గొంతు విని తలెత్తింది. కళ్ళు చికిలించి కారుని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది. "నువ్వేటి? ఇందులోనేటి? ఈల ఏదీ?"

"ఈలబండి లేదమ్మా. ఇచ్చేశాను. ఇదే నాది ఇప్పుడు."

"మరి సెప్పొద్దా? సంత సంతకీ కూకుంటన్నాను. టీచరమ్మకి కాలు నొప్పి, తగ్గినాక వత్తాదిలే అని మధ్యాన్నందాకా సూసి, జీపెక్కి ఎల్తన్నాను. సరుకంతా అమ్ముడయ్యే వేళకి ఎల్తన్నాను. మనిషన్నాక నోరుంటాది కదా, సెప్పొద్దా?" అని తిట్టింది. తిడుతూనే తలుపు తీసి చీపుర్లు లోపలికి తోసింది. తోశాక, "సర్దుకో" అంది.

సర్దుకున్నాను.

గెడ్డ మలుపులో మళ్ళీ గొడ్లు. ఆపాను. ఈ కారు ఎక్కుడులో దానంతట అదే పట్టుకు నిలబడుతుంది, అందుకోసం ప్రత్యేకంగా ఏదో పెట్టారు, కాలు తీసినా కాసేపు జారదు. ముసలమ్మ అప్పటికే తలుపు తీసేసింది. వానలో గోనె జారిపోతుంటే పట్టుకుంటూ, ఒడ్డునుంచి రాయి దొర్లించుకొస్తోంది. "దీనికి అక్కర్లేదమ్మా, తడిసిపోతావు" అనబోయి ఊరుకున్నాను. వెనక కంకర నలిగిన చప్పుడైంది.

"ఎట్టినాను" అని అరిచింది.

కారు పట్టు వదిలేసేలా గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, బ్రేకు మీంచి కాలు తీసేశాను. కారు అంగుళం వెనక్కి జరిగి, ఆమె రాయికి ఆనుకుని ఆగింది.